పాలస్తీనా చరిత్ర: న్యాయంగా సాక్ష్యమివ్వాలంటే

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (స) పైన, ఆయన కుటుంబీకుల పైన, ఆయన ప్రియ సహచరుల పైన అల్లాహ్ శాంతి శుభాలు అనునిత్యం కురియుగాక!



2023 నుండి గాజా దృశ్యాలు చూసి కంటతడి పెట్టని ఇల్లు మనలో లేదు. ప్రతి జుమా నాడు మనం ఆ ప్రజలను దుఆలో తలచుకుంటూనే ఉన్నాము. అయితే అసలు ఈ తగవు ఎప్పుడు మొదలైంది, ఎందుకు మొదలైంది అని మన పిల్లలు అడిగితే మనలో ఎంతమంది సరైన సమాధానం చెప్పగలరు? యూదులకూ ముస్లింలకూ మొదటి నుండీ వైరమేనని చాలామంది ఒక్క మాటలో తేల్చివేస్తారు. ఆ సమాధానం చరిత్రకు నిలవదు. అంతేకాదు, అది పాలస్తీనీయులకే నష్టం చేస్తుంది. తరతరాల మత వైరమని మనమే ఒప్పుకుంటే, ఇళ్ళూ పొలాలూ పోగొట్టుకున్న ప్రజల న్యాయమైన ఫిర్యాదు మరుగున పడిపోతుంది.

ఎదుటివారి మీద మనకు ఎంత కోపమున్నా ఆ కోపం మన త్రాసును వంచకూడదని సూరా మాయిదా 8వ ఆయతు బోధిస్తున్నది. సాక్ష్యం చెప్పవలసి వస్తే అది మనకూ మన తలిదండ్రులకూ ప్రతికూలమైనా సరే, ఉన్నది ఉన్నట్లు చెప్పాలని సూరా నిసా 135వ ఆయతు ఆదేశిస్తున్నది. చేతికందిన వార్తను విచారించి నిర్ధారించుకోనిదే నమ్మరాదని సూరా హుజురాత్ 6వ ఆయతు హెచ్చరిస్తున్నది. నేడు ఈ మూడు ఆజ్ఞలను దృష్టిలో ఉంచుకొని పాలస్తీనా చరిత్రను క్రమంగా తెలుసుకొందాము.

ఆ నేలతో మన అనుబంధం

పాలస్తీనా దైవప్రవక్తల భూమి. హజ్రత్ ఇబ్రాహీం (అలై) వలస వచ్చి స్థిరపడిన నేల అది. హజ్రత్ దావూద్, హజ్రత్ సులైమాన్, హజ్రత్ జకరియ్యా, హజ్రత్ యహ్యా, హజ్రత్ ఈసా (అలైహిముస్సలాం) అక్కడే దైవసందేశం వినిపించారు. మదీనాకు వచ్చిన తరువాత కూడా పదహారు, పదిహేడు నెలల పాటు ముస్లింలు బైతుల్ మఖ్దిస్ వైపే ముఖం చేసి నమాజు చేశారు. దైవప్రవక్త (స) రాత్రి ప్రయాణం మస్జిదె హరామ్ నుండి మస్జిదె అఖ్సాకు సాగిందని సూరా బనీ ఇస్రాయీల్ మొదటి ఆయతు తెలుపుతున్నది. ప్రత్యేకించి ప్రయాణం కట్టి వెళ్ళదగిన మూడు మస్జిదులలో అది ఒకటి.

యూదులకు కూడా ఆ నేలతో ప్రాచీనమైన అనుబంధం ఉన్నది. దానిని మనం కాదనలేము. ఎందుకంటే బనీ ఇస్రాయీల్ ప్రవక్తలందరినీ విశ్వసించడం మన ఈమాన్‌లో భాగం. క్రైస్తవులకు అది హజ్రత్ ఈసా (అలై) సంచరించిన భూమి. మూడు సమాజాలు పవిత్రంగా భావించే నేల గనుక, ఏ ఒక్కరో మిగిలిన ఇద్దరినీ వెళ్ళగొట్టి ఏలితే అక్కడ శాంతి ఉండదు. చరిత్రలో ఆ సంగతి పలుమార్లు రుజువైంది.

కలిసి బ్రతికిన శతాబ్దాలు

క్రీ.శ. 638 ప్రాంతంలో బైతుల్ మఖ్దిస్ ముస్లింల వశమైంది. ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) స్వయంగా అక్కడికి వెళ్ళి నగరవాసుల ప్రాణాలకూ ఆస్తులకూ చర్చీలకూ రక్షణ పత్రం వ్రాయించారు. క్రైస్తవుల ప్రధాన చర్చిలో ఉండగా నమాజు వేళ అయినప్పుడు ఆయన లోపల నమాజు చేయడానికి ఒప్పుకోలేదని చరిత్రకారులు నమోదు చేశారు. తాను అక్కడ నమాజు చేస్తే, రేపు ఎవరైనా దానిని సాకుగా చూపి ఆ ప్రార్థనా మందిరాన్ని ఆక్రమించుకొంటారేమోనని ఆయన భయం. ఆ చర్చి నేటికీ చర్చిగానే ఉన్నది. దాని తలుపులు తెరిచే బాధ్యతను శతాబ్దాలుగా నగరంలోని ముస్లిం కుటుంబాలే నిర్వహిస్తున్నాయి. అంతకుముందు బైజాంటియన్ పాలకులు యూదులను ఆ నగరంలో నివసించనివ్వలేదు. ముస్లింల పాలనలోనే వారు తిరిగి అక్కడికి వచ్చి స్థిరపడ్డారు.

1099లో శిలువ యోధులు నగరాన్ని పట్టుకున్నప్పుడు ముస్లింలతో పాటు యూదులు కూడా ఊచకోతకు గురయ్యారు. 1187లో సుల్తాన్ సలాహుద్దీన్ అయ్యూబీ ఆ నగరాన్ని తిరిగి సాధించినప్పుడు అటువంటి ప్రతీకారం జరగలేదు. ఆయన యూదులు మళ్ళీ నగరానికి వచ్చి నివసించేందుకు అనుమతించారు. ఆయన ఆస్థానానికి వైద్యసేవలు అందించిన మూసా బిన్ మైమూన్ యూదుల మహాపండితుడు. 1492లో స్పెయిన్ పాలకులు యూదులను దేశం నుండి వెళ్ళగొడితే, వారికి ఆశ్రయమిచ్చినది ఉస్మానీ సుల్తాన్ రెండవ బాయజీద్.

ఈ శతాబ్దాలలో అంతా సమానత్వమే వెల్లివిరిసిందని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. ముస్లిం రాజ్యాలలోనూ అన్యాయం చేసిన పాలకులు ఉన్నారు. అయినా ఐరోపాలో యూదులు అనుభవించిన నరకంతో పోల్చితే ముస్లిం దేశాలలో వారి బ్రతుకు ఎంతో మెరుగుగా ఉండేదని యూదు చరిత్రకారులే అంగీకరిస్తున్నారు. కనుక నేటి సంఘర్షణకు మూలాలు మదీనాలోనో ఖైబర్‌లోనో లేవు. వాటిని పంతొమ్మిదవ శతాబ్దపు ఐరోపాలో వెదకాలి.

ఐరోపా గాయం, పాలస్తీనా శిక్ష

1881లో రష్యా చక్రవర్తి హత్య తరువాత ఆ సామ్రాజ్యంలో యూదుల మీద మూకదాడులు చెలరేగాయి. నాటి నుండి మొదటి ప్రపంచ యుద్ధం వరకు 20 లక్షలకు పైగా యూదులు తూర్పు ఐరోపాను వదలివెళ్ళారు. వారిలో అత్యధికులు అమెరికా చేరుకున్నారు. ఫ్రాన్స్‌లో 1894లో ఒక యూదు సైనికాధికారి మీద తప్పుడు దేశద్రోహ నేరం మోపినప్పుడు, నాగరిక దేశాలలో కూడా తమకు చోటులేదని చాలామంది యూదులు నిర్ణయానికి వచ్చారు. థియోడోర్ హెర్జల్ అనే పాత్రికేయుడు యూదులకు ప్రత్యేక రాజ్యం కావాలని 1896లో ఒక గ్రంథం ప్రచురించాడు. 1897లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో తొలి జియోనిస్టు మహాసభ జరిగింది. పాలస్తీనాలో యూదులకు స్వస్థలం ఏర్పరచాలని ఆ సభ తీర్మానించింది.

అయితే పాలస్తీనా ఖాళీ నేల కాదు. బైతుల్ మఖ్దిస్‌కు మేయరుగా పనిచేసిన యూసుఫ్ జియా అల్ ఖాలిదీ 1899లో ఫ్రాన్స్ దేశపు ప్రధాన యూదు మతాచార్యునికి ఒక లేఖ వ్రాశారు. ఆ నేలతో యూదులకున్న చారిత్రక బంధాన్ని ఆయన అందులో గౌరవంగా ఒప్పుకున్నారు. ఐరోపాలో వారి కష్టాల పట్ల సానుభూతి తెలిపారు. కాని ఆ దేశంలో ఇప్పటికే ఒక ప్రజ నివసిస్తున్నదని, వారిని కాదని రాజ్యం స్థాపించబూనితే ఘోరమైన కలహం తప్పదని హెచ్చరించి, పాలస్తీనా జోలికి రావద్దని దైవం పేరిట వేడుకున్నారు. ఆ లేఖ హెర్జల్‌కు అందింది. యూదుల రాకతో స్థానికులు బాగుపడతారని బదులిచ్చాడే తప్ప ఆ హెచ్చరికను అతడు పట్టించుకోలేదు. ఒక ముస్లిం విద్వాంసుడు ద్వేషం చూపకుండా, మర్యాద తప్పకుండా, సత్యాన్ని దాచకుండా ఎలా మాట్లాడాలో ఆ లేఖను చూసి నేర్చుకోవచ్చు.

ఒకరి నేల మరొకరికి వాగ్దానం

మొదటి ప్రపంచ యుద్ధంలో ఉస్మానీ సామ్రాజ్యాన్ని ఓడించడానికి బ్రిటన్ మూడు రకాల ఒప్పందాలు చేసింది. ఉస్మానీల మీద తిరగబడితే స్వతంత్ర అరబ్ రాజ్యానికి మద్దతిస్తామని మక్కా పాలకుడు షరీఫ్ హుసైన్‌కు 1915-16లో లేఖలు వ్రాసింది. అదే 1916లో ఆ భూములను పంచుకోవడానికి ఫ్రాన్స్‌తో రహస్య ఒప్పందం కుదుర్చుకున్నది. 1917 నవంబరు 2న విదేశాంగ మంత్రి బాల్ఫోర్, పాలస్తీనాలో యూదులకు జాతీయ నివాసం ఏర్పరచడానికి సహకరిస్తామని ఒక లేఖలో ప్రకటించాడు.

ఆ ప్రకటనలో 67 ఆంగ్ల పదాలున్నాయి. నాటి పాలస్తీనా జనాభాలో సుమారు పదింట తొమ్మిది మంది అరబ్బులు. కాని అందులో వారి పేరు లేదు. యూదేతర సమాజాలు అని మాత్రమే వ్రాసి, వారి పౌర, మత హక్కులకు భంగం కలగదన్నారు. తమను తాము పాలించుకొనే రాజకీయ హక్కు ఊసెత్తలేదు. బ్రిటిష్ ప్రభుత్వంలో ఉన్న ఏకైక యూదు మంత్రి ఎడ్విన్ మాంటెగు ఈ ప్రకటనను గట్టిగా వ్యతిరేకించాడు. అతడు మన భారతదేశ వ్యవహారాల మంత్రి. యూదుడే వ్యతిరేకించిన సంగతి మనం గుర్తుంచుకోవాలి. యూదులందరూ జియోనిస్టులేనని అనుకోవడం ఆనాడూ తప్పే, నేడూ తప్పే.

1917 డిసెంబరులో బ్రిటిష్ సేనలు బైతుల్ మఖ్దిస్‌లో ప్రవేశించాయి. పాలస్తీనాను జయించిన ఆ సైన్యంలో వేలాది భారతీయ సైనికులున్నారు. హైదరాబాద్, మైసూరు, జోధ్‌పూర్ సంస్థానాల అశ్వికదళాలు కూడా అందులో పనిచేశాయి. ఢిల్లీలోని తీన్‌మూర్తి కూడలిలో ఉన్న మూడు విగ్రహాలు ఆ మూడు దళాల స్మారకమే. పరాయి పాలనలో ఉన్న ఒక ప్రజను, మరొక ప్రజ మీద పరాయి పాలన రుద్దడానికి ఇలా వాడుకున్నారు.

బ్రిటిష్ పాలనా కాలం

1922లో నానాజాతి సమితి పాలస్తీనా పరిపాలనను బ్రిటన్‌కు అప్పగించింది. ఆ సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారం అక్కడ సుమారు 7 లక్షల 57 వేల మంది ఉన్నారు. వారిలో యూదులు సుమారు 84 వేలు, అంటే నూటికి పదకొండు మంది. అప్పటి నుండి వలసలు పెరిగాయి. దూరాన ఉన్న భూస్వాముల వద్ద జియోనిస్టు సంస్థలు భూములు కొని, వాటిని తరతరాలుగా సేద్యం చేస్తున్న అరబ్బు కౌలురైతులను అనేకచోట్ల ఖాళీ చేయించాయి. అశాంతి రాజుకున్నది.

1929 ఆగస్టులో ఆ అశాంతి నెత్తురుగా మారింది. అల్ ఖలీల్ నగరంలో, అంటే హెబ్రాన్‌లో, అల్లరిమూకలు 67 మంది యూదులను చంపాయి. వారిలో చాలామంది జియోనిస్టు ఉద్యమంతో సంబంధమే లేని పాతకాలపు భక్తులు. మన వారు చేశారు గనుక దీనిని దాచిపెట్టడం సాక్ష్యధర్మం కాదు. అదే రోజున అదే నగరంలోని ముస్లిం కుటుంబాలు తమ ప్రాణాలకు తెగించి వందలాది యూదు పొరుగువారిని ఇళ్ళలో దాచి కాపాడిన సంగతి కూడా మనం అంతే గట్టిగా చెప్పాలి. ఆ మూకలు తమను ధర్మరక్షకులమనుకొన్నాయి. ఆ రోజు ధర్మాన్ని నిలిపినవారు తలుపులు తెరిచిన ఆ గృహస్థులు.

1933లో జర్మనీలో హిట్లర్ అధికారానికి వచ్చాడు. ప్రాణాలు దక్కించుకోవడానికి యూదులు దేశదేశాల తలుపులు తట్టారు. 1938లో ఫ్రాన్స్‌లోని ఎవియాన్‌లో 32 దేశాలు సమావేశమై సానుభూతి తెలిపాయే గాని, చాలావరకు తలుపులు మూసే ఉంచాయి. 1935 ఒక్క సంవత్సరంలోనే 60 వేలకు పైగా యూదులు పాలస్తీనాకు చేరారు. తమ దేశం తమ చేయి దాటిపోతున్నదని భయపడిన పాలస్తీనీయులు 1936లో ఆరు నెలల సార్వత్రిక సమ్మె చేశారు. అది తిరుగుబాటుగా మారి 1939 వరకు సాగింది. బ్రిటన్ దానిని కఠినంగా అణచివేసింది. సుమారు 5 వేల మంది అరబ్బులు ప్రాణాలు కోల్పోయారు. నాయకులు చెరసాల పాలయ్యారు, లేదా ప్రవాసం వెళ్ళారు. పదేళ్ళ తరువాత అసలు పరీక్ష ఎదురైనప్పుడు ఆ ప్రజకు నాయకత్వమూ లేదు, ఆయుధబలమూ లేదు.

రెండవ ప్రపంచ యుద్ధంలో నాజీలు సుమారు 60 లక్షల మంది యూదులను హతమార్చారు. మానవ చరిత్రలోని మహా ఘోరాలలో ఇది ఒకటి. ఇది జరగలేదనో, ఇంత జరగలేదనో మనలో కొందరు తేలికగా మాట్లాడుతుంటారు. అది అబద్ధం, పైగా చనిపోయినవారి పట్ల అన్యాయం. అల్బేనియాలో ముస్లింలు తమ ఇళ్ళకు వచ్చిన యూదులను అతిథులుగా భావించి నాజీలకు పట్టివ్వకుండా కాపాడారు. మనం చెప్పుకోవలసిన వారసత్వం అది. పాలస్తీనీయుల ఫిర్యాదు కూడా సరిగ్గా ఇక్కడే ఉన్నది. ఈ నేరం చేసినది ఐరోపా. దాని పరిహారాన్ని చెల్లించినది మాత్రం ఆ నేరంతో సంబంధం లేని పాలస్తీనా రైతు.

1948: నక్బా

1947 నవంబరు 29న ఐక్యరాజ్యసమితి పాలస్తీనాను రెండుగా విభజించాలని తీర్మానించింది. జనాభాలో మూడింట ఒక వంతు ఉన్న యూదుల రాజ్యానికి సుమారు 55 శాతం భూమిని కేటాయించారు. అప్పటికి యూదుల సొంత యాజమాన్యంలో ఉన్నది దాదాపు 7 శాతం భూమి. 33 దేశాలు అనుకూలంగా, 13 దేశాలు వ్యతిరేకంగా ఓటు వేశాయి. అప్పుడే విభజన గాయంతో స్వాతంత్ర్యం పొందిన భారతదేశం వ్యతిరేకంగా ఓటు వేసింది. విభజనకు బదులు ఇద్దరూ కలిసి ఉండే సమాఖ్య రాజ్యం మేలని సూచించినవారిలో భారత ప్రతినిధి ఉన్నారు.

తీర్మానం మరునాటి నుండే పోరాటం మొదలైంది. 1948 ఏప్రిల్ 9న బైతుల్ మఖ్దిస్ సమీపంలోని దైర్ యాసీన్ గ్రామంలో జియోనిస్టు సాయుధ ముఠాలు స్త్రీలు, పిల్లలతో సహా నూరు మందికి పైగా గ్రామస్థులను చంపాయి. నాలుగు రోజుల తరువాత అరబ్బు పోరాటకారులు వైద్యులు, నర్సులు ప్రయాణిస్తున్న వాహనాల మీద దాడిచేసి డెబ్బై మందికి పైగా ప్రాణాలు తీశారు. మే 14న ఇజ్రాయెల్ రాజ్య స్థాపన ప్రకటన వెలువడింది. మరుసటి రోజు పొరుగు అరబ్ దేశాల సైన్యాలు ప్రవేశించాయి. అప్పటికే రెండు లక్షలకు పైగా పాలస్తీనీయులు నిర్వాసితులయ్యారు. జూలైలో లుద్, రమ్లా పట్టణాల నుండి వేలాది ప్రజలను మండుటెండలో కాలినడకన వెళ్ళగొట్టారు.

1949లో యుద్ధం ఆగేనాటికి 78 శాతం భూమి ఇజ్రాయెల్ చేతిలో ఉన్నది. వెస్ట్ బ్యాంక్ జోర్డాన్ క్రిందికీ, గాజా ఈజిప్టు క్రిందికీ వెళ్ళాయి. ఏడు లక్షలకు పైగా ప్రజలు శరణార్థులయ్యారు. నాలుగు వందలకు పైగా గ్రామాలు ఖాళీ అయి, అధికభాగం నేలమట్టమయ్యాయి. దీనినే వారు నక్బా, అంటే మహావిపత్తు అని పిలుస్తారు. ఇంటికి తాళంవేసి నాలుగు రోజులలో తిరిగి వద్దామని బయలుదేరిన వారి తాళం చెవులు నేడు మనుమల చేతులలో ఉన్నాయి. ఇళ్ళకు తిరిగి వెళ్ళి పొరుగువారితో శాంతిగా జీవించదలచిన శరణార్థులను అనుమతించాలని 1948 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి 194వ తీర్మానం పేర్కొన్నది. అది నేటికీ అమలు కాలేదు. వారి ఆస్తులను 1950లో ఇజ్రాయెల్ గైర్హాజరైనవారి ఆస్తులుగా చట్టం చేసి స్వాధీనపరచుకున్నది.

దీనికి మరొక పార్శ్వం కూడా ఉన్నది. తరువాతి సంవత్సరాలలో ఇరాక్, యెమెన్, ఈజిప్టు, మొరాకో తదితర దేశాల నుండి సుమారు 8 లక్షల మంది యూదులు వెళ్ళిపోయారు. కొందరు ఇష్టపడి వెళ్ళారు, ఎందరో భయంతోనూ నిర్బంధంతోనూ వెళ్ళారు. వేల ఏళ్ళుగా ఇరాక్‌లో ఉన్నవారిని పాలస్తీనాలో జరిగినదానికి శిక్షించడం న్యాయం కాదు. ఒకరి తప్పుకు మరొకరిని పట్టుకోవడం ఖుర్ఆన్ న్యాయసూత్రానికి విరుద్ధం.

1967: ఆక్రమణ

1967 జూన్‌లో ఆరు రోజుల యుద్ధంలో ఇజ్రాయెల్ తూర్పు జెరూసలేం, వెస్ట్ బ్యాంక్, గాజా, సీనాయ్, గోలాన్ ప్రాంతాలను ఆక్రమించింది. యుద్ధం ముగిసీ ముగియకముందే మస్జిదె అఖ్సా ప్రాకారానికి పడమట ఉన్న మగారిబా వాడను బుల్డోజర్లతో పడగొట్టారు. అది సలాహుద్దీన్ కుమారుడు ఉత్తర ఆఫ్రికా ముస్లింల కోసం వక్ఫ్ చేసిన వాడ. యుద్ధం ద్వారా భూమిని సంపాదించుకోవడం చెల్లదని, ఆక్రమిత ప్రాంతాల నుండి వైదొలగాలని అదే సంవత్సరం నవంబరులో భద్రతా మండలి 242వ తీర్మానం చేసింది. ఈజిప్టుతో సంధి కుదిరిన పిదప 1982 నాటికి సీనాయ్ తిరిగి ఈజిప్టుకు చేరింది. వెస్ట్ బ్యాంక్‌లో మాత్రం యూదు స్థావరాల నిర్మాణం మొదలైంది. ఆక్రమించిన నేల మీదికి తన పౌరులను తరలించడం నాల్గవ జెనీవా ఒడంబడిక ప్రకారం నిషిద్ధం. అయినా నేడు వెస్ట్ బ్యాంక్, తూర్పు జెరూసలేంలలో కలిపి సుమారు 7 లక్షల మంది ఇజ్రాయెలీలు అటువంటి స్థావరాలలో నివసిస్తున్నారు.

1969 ఆగస్టు 21న మస్జిదె అఖ్సాకు నిప్పంటించబడింది. సలాహుద్దీన్ ప్రతిష్ఠించిన మింబర్ కాలి బూడిదైంది. ఆ దుర్ఘటన తరువాతనే ఇస్లామీ దేశాల సంఘటన ఏర్పడింది. ఆ నిప్పు పెట్టినవాడు యూదుడని మనలో చాలామంది నేటికీ చెబుతుంటారు. వాస్తవానికి అతడు ఆస్ట్రేలియా నుండి వచ్చిన ఒక క్రైస్తవుడు. మతిస్థిమితం లేనివాడని న్యాయస్థానం నిర్ధారించింది. ఆక్రమణలో ఉన్న మస్జిదును కాపాడే బాధ్యత ఇజ్రాయెల్‌దేననడం వేరు, చేయని పనిని ఒక జాతికి అంటగట్టడం వేరు. విన్నదంతా పరులకు చెప్పడమే మనిషి అబద్ధాలకోరు కావడానికి చాలునని దైవప్రవక్త (స) హెచ్చరించారు కదా!

చర్చలు, వైఫల్యాలు

1987లో ఆక్రమణకు వ్యతిరేకంగా ఇంతిఫాదా, అంటే ప్రజా ప్రతిఘటన ప్రారంభమైంది. 1988 నవంబరులో పాలస్తీనా స్వతంత్ర రాజ్య ప్రకటన వెలువడగానే గుర్తించిన దేశాలలో భారత్ ఒకటి. 1993లో ఓస్లో ఒప్పందం కుదిరింది. పాలస్తీనా విమోచన సంస్థ ఇజ్రాయెల్‌ను గుర్తించింది, 78 శాతం భూమి మీద వాదన వదులుకొని మిగిలిన 22 శాతంలో రాజ్యం కోసం అంగీకరించింది.

ఆ శాంతిని ఇరువైపుల వారూ గాయపరిచారు. 1994లో రమజాన్ మాసపు ఒక శుక్రవారం ఫజ్ర్ నమాజులో ఉన్న 29 మందిని, అల్ ఖలీల్‌లోని ఇబ్రాహీమీ మస్జిదులో ఒక యూదు స్థావరవాసి కాల్చి చంపాడు. హమాస్ బస్సులలో ఆత్మాహుతి దాడులు చేసి సామాన్య ప్రయాణికుల ప్రాణాలు తీసింది. 1995లో ఒప్పందం చేసిన ఇజ్రాయెల్ ప్రధాని రబీన్‌ను ఒక యూదు తీవ్రవాదే హత్యచేశాడు. చర్చలు జరుగుతున్నంత కాలమూ స్థావరాలు పెరుగుతూనే వచ్చాయి. వెస్ట్ బ్యాంక్‌లో సుమారు 60 శాతం భూమి నేటికీ పూర్తిగా ఇజ్రాయెల్ అదుపులోనే ఉన్నది. 1967 నాటి సరిహద్దులకు వెనుదిరిగితే ఇజ్రాయెల్‌తో సంపూర్ణ సంబంధాలు నెరపుతామని 2002లో అరబ్ దేశాలన్నీ ప్రతిపాదించాయి. అదీ ఫలించలేదు.

గాజా

గాజా వైశాల్యం సుమారు 365 చదరపు కిలోమీటర్లు. ఇరవై లక్షలకు పైగా జనం. వారిలో అధికసంఖ్యాకులు 1948 శరణార్థుల సంతతి. 2005లో ఇజ్రాయెల్ తన సైన్యాన్నీ స్థావరాలనూ గాజా నుండి ఉపసంహరించుకున్నది. 2006 ఎన్నికలలో హమాస్ గెలిచింది. 2007లో గాజా ఆ సంస్థ అదుపులోకి వచ్చాక ఇజ్రాయెల్ భూమి, సముద్రం, ఆకాశం మూడు వైపులా కఠిన దిగ్బంధం విధించింది. ఒక తరం పిల్లలు ఆ సరిహద్దు దాటి బయటి ప్రపంచం చూడకుండానే పెద్దవారయ్యారు.

2023 అక్టోబరు 7న హమాస్ తదితర సాయుధులు ఇజ్రాయెల్‌లో చొరబడి సుమారు 1,200 మందిని చంపారు. వారిలో అత్యధికులు పౌరులు. సుమారు 250 మందిని బందీలుగా తీసుకుపోయారు. యుద్ధంలో స్త్రీలనూ పిల్లలనూ చంపడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. ముసలివారినీ మఠాలలోని సన్యాసులనూ తాకవద్దని, ఫలవృక్షాలను నరకవద్దని హజ్రత్ అబూబక్ర్ (రజి) తన సైన్యానికి ఆజ్ఞాపించారు. దశాబ్దాల అణచివేత ఆ రోజు జరిగినదానికి నేపథ్యం కావచ్చును. నిరాయుధుల వధను అది ధర్మబద్ధం చేయజాలదు.

అదే కొలతతో తరువాత జరిగినదానినీ తూచాలి. గాజా ఆరోగ్య మంత్రిత్వశాఖ లెక్కల ప్రకారం 2025 జూలై ముగిసేనాటికి మృతులు 60 వేలు దాటారు. వారిలో పెద్ద సంఖ్యలో స్త్రీలు, పిల్లలు ఉన్నారు. దాదాపు జనాభా అంతా ఇళ్ళు విడవవలసి వచ్చింది. ఆసుపత్రులు, బడులు, మస్జిదులు శిథిలాలయ్యాయి. ఆహారం వెళ్ళే దారులు మూసుకుపోగా 2025 ఆగస్టులో గాజా నగర ప్రాంతంలో కరువు నెలకొన్నదని ఐక్యరాజ్యసమితి మద్దతుగల నిపుణులు నిర్ధారించారు. జాతి నిర్మూలన కృత్యాలను నివారించేందుకు చర్యలు తీసుకోవాలని 2024 జనవరిలో అంతర్జాతీయ న్యాయస్థానం ఇజ్రాయెల్‌ను ఆదేశించింది. ఆక్రమిత ప్రాంతాలలో ఇజ్రాయెల్ కొనసాగడమే చట్టవిరుద్ధమని అదే సంవత్సరం జూలైలో తన అభిప్రాయం ప్రకటించింది. బాల్ఫోర్ ప్రకటన చేసిన బ్రిటన్ 108 సంవత్సరాల తరువాత, 2025 సెప్టెంబరులో, పాలస్తీనా రాజ్యాన్ని గుర్తించింది. అక్టోబరు 10న కాల్పుల విరమణ అమలులోకి వచ్చింది. కాల్పుల విరమణ గాయానికి కట్టు మాత్రమే. నేల, ఇల్లు, స్వపరిపాలన అనే అసలు ప్రశ్నలు అలాగే ఉన్నాయి.

మన కర్తవ్యం

సోదరులారా! ఈ చరిత్ర అంతా వినిన తరువాత మనం ఏమి చేయాలి?

మొదటిది, మన నాలుకనూ చేతిలోని ఫోనునూ అదుపులో ఉంచుకోవాలి. వేరే దేశపు పాత చిత్రాన్ని గాజా చిత్రమని పంపితే, అది అబద్ధమని తేలిననాడు నిజమైన గాజా చిత్రాన్ని కూడా లోకం నమ్మదు. విచారించకుండా పంపే ప్రతి వార్త ఆ పీడితుల సాక్ష్యాన్నే బలహీనపరుస్తుంది.

రెండవది, ఒక రాజ్యం చేసే అన్యాయానికి ఒక సమాజాన్ని శపించరాదు. దైవప్రవక్త (స) ముందు నుండి ఒక యూదుని శవయాత్ర సాగుతుంటే ఆయన లేచి నిలబడ్డారు. అది యూదుని శవమని సహచరులు చెప్పినప్పుడు, అతడూ ఒక ప్రాణి కాడా అన్న భావంతో బదులిచ్చారు. ఇజ్రాయెల్‌లోనే 1989లో ఏర్పడిన బెత్సెలెం వంటి మానవహక్కుల సంస్థలు ఆక్రమణలో జరిగే అన్యాయాలను నమోదు చేస్తూ స్వదేశంలోనే నిందలు భరిస్తున్నాయి. న్యాయం కోసం నిలబడిన ఏ మనిషినైనా మనం గౌరవించాలి.

మూడవది, చట్టబద్ధమైన, నమ్మకమైన మార్గాల ద్వారా బాధితులకు సహాయం చేయాలి. ఇది మన పెద్దలకు కొత్త కాదు. 1920లలో మస్జిదె అఖ్సా మరమ్మతుకు హైదరాబాద్ నిజాం విరాళమిచ్చారు. స్వాతంత్ర్య సమరయోధుడు మౌలానా ముహమ్మద్ అలీ జౌహర్ 1931 జనవరి నుండి ఆ పవిత్ర ప్రాంగణపు నీడలోనే శాశ్వత నిద్రలో ఉన్నారు.

నాల్గవది అన్నిటికంటే కఠినమైనది. ఇతరుల భూమిని జానెడైనా అన్యాయంగా కాజేసినవాని మెడకు ప్రళయదినాన ఏడు భూముల భారం చుట్టబడుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. పాలస్తీనీయుని పొలం కోసం మనం కన్నీరు కారుస్తున్నాము. మరి తండ్రి ఆస్తిలో మన అక్కచెల్లెళ్ళ వాటా వారికి ముట్టిందా? పొలం గట్టు మన వైపు నుండి ప్రక్కవాని వైపు జరిగిందా? వక్ఫ్ భూమిలో మన ఇల్లు గాని దుకాణం గాని నిలిచి ఉన్నదా? ఆ హెచ్చరికలో దేశం పేరు లేదు, జాతి పేరు లేదు. అది వెస్ట్ బ్యాంక్ కొండ మీద స్థావరం కట్టినవానికి ఎంత వర్తిస్తుందో, చెల్లెలి సంతకం తీసుకుని ఆమె భాగాన్ని మింగినవానికీ అంతే వర్తిస్తుంది. తన ఇంటిలో జుల్మ్ చేస్తూ దూరదేశపు జుల్మ్ గురించి మాట్లాడేవాని సాక్ష్యం అల్లాహ్ సన్నిధిలో నిలువదు. ఈ జుమా నుండి వచ్చే జుమా లోపల, ఎవరి హక్కు మన వద్ద ఉండిపోయిందో ఆలోచించి వారికి అప్పగించుదాము. పీడితుని మొరకూ అల్లాహ్‌కూ మధ్య తెర ఉండదు. ఆ మొర గాజా నుండి లేచినా, మన ఇంటి వాకిటి నుండి లేచినా వినేవాడు ఒక్కడే.

ఓ అల్లాహ్! పాలస్తీనా పీడితులకు ఓదార్పును, ఆకలిగొన్నవారికి అన్నాన్ని, అనాథ బాలలకు ఆశ్రయాన్ని ప్రసాదించు. నిర్వాసితులను వారి ఇళ్ళకు చేర్చు. దౌర్జన్యపరుల చేతులను ఆపివేయి. ఆ పవిత్ర భూమిలో నివసించే వారందరికీ న్యాయంతో కూడిన శాంతిని అనుగ్రహించు. మా నాలుకలను అసత్యం నుండి, మా హృదయాలను ద్వేషం నుండి, మా చేతులను పరుల హక్కు నుండి కాపాడు. ఆమీన్.